ఓడలో పండే తిండి

పిల్లలకు మట్టి చూపించకూడదు. ఆహార వ్యవస్థ పాఠానికి మట్టే పెద్ద అడ్డంకి!

ఈ మాట ఎవరో దారినపోయే దానయ్య అనడం లేదు. మా ప్యూర్టోరికో దీవిలో, మా కొండ ఊరి బడికి ‘ఆహార వ్యవస్థ’ పుస్తకం రాసిన కమిటీకి నేను అధ్యక్షుణ్ణి. ఆ పాఠం చెప్పేదీ, పేపర్లు దిద్దేదీ కూడా నేనే.

మా పుస్తకం ఎంత శుభ్రమైనదో చూడండి. తిండి ఓడలో వస్తుంది. ఓడ నుంచి కంటైనర్, కంటైనర్ నుంచి లారీ, లారీ నుంచి సూపర్ మార్కెట్. నాలుగు బొమ్మలు, మూడు బాణాలు! వాన లేదు, పురుగు లేదు, చెమట వాసన అసలే లేదు. చిక్కుడు గింజల డబ్బా మూత తీయడం ప్రాక్టికల్‌గా పెట్టాం. ఇద్దరు వేళ్ళు కోసుకున్నారు. వ్యవసాయమన్నాక ఆ మాత్రం కష్టం ఉండదా?

బడి వెనక సీమపనస చెట్టు ఉండేది. కాయలు రాలుతుంటే పిల్లల ధ్యాస పాఠం మీద నిలవడం లేదని దాన్ని కొట్టించి, అక్కడ సీమపనస పోస్టర్ పెట్టించాం.

ఇంత చేసినా, ‘మనం తినే తిండి ఎక్కడి నుంచి వస్తుంది?’ అన్న ప్రశ్నకు ఇవెలిస్ అనే పదేళ్ళ పిల్ల ‘మా తాత తవ్వితే వస్తుంది’ అని రాసింది! సున్నా వేశాను. దాంతో పరీక్ష తప్పింది. క్రిస్మస్ సెలవుల్లో మళ్ళీ బడికి రావాలి.

వాళ్ళ తాత ఎఫ్రాయిన్ మట్టిచేతులతోనే ఆఫీసుకు వచ్చాడు.

“ఏం సారూ, మా పిల్ల అబద్ధం రాసిందా?”

“అబద్ధమని ఎవరన్నారు పెద్దాయనా? సిలబస్‌లో లేదు.”

“పెండలం తవ్వేది ఆ సెలవుల్లోనే కదా సారూ! ఈసారి దగ్గరుండి నేర్పుదామనుకున్నా. నాకా డెబ్బై తొమ్మిది. వచ్చే ఏడాదికి ఉంటానో, పోతానో!”

“నేర్పడానికి నీకు సర్టిఫికెట్ ఉందా?” అన్నాను. ముసలాయన వెళ్ళిపోయాడు.

మరుసటి వారం రేవులో క్రేన్ విరిగింది. ఓడలు సముద్రంలోనే ఆగిపోయాయి. తొమ్మిదో రోజుకు సూపర్ మార్కెట్‌లో కుక్క బిస్కెట్లు, పుట్టినరోజు కొవ్వొత్తులు మిగిలాయి. మా పుస్తకం మొత్తం తిరగేశాను. క్రేన్ విరిగితే ఏం తినాలో మేం రాయలేదు!

గోనెసంచి పట్టుకుని ఎఫ్రాయిన్ పొలం ఉన్న కొండెక్కాను. అప్పటికే క్యూలో మా కమిటీ అంతా ఉంది.

ఇవెలిస్ గునపం నా చేతికిచ్చింది. బలంగా ఒక్క పోటు పొడిచాను. దుంప రెండు ముక్కలైంది.

“అయ్యయ్యో, పక్కనుంచి తవ్వాలి సార్! ఇది కూడా తెలీకుండానే మాకు పాఠం చెప్పేశారా?”

అరగంటలో తవ్వడం నేర్పింది. ఇంటికెళ్ళి ఉడకబెట్టుకుని తిన్నాను. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది.

అలాగని సున్నా దిద్దేస్తానా? అందుకు కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే భోజనం ఉండాలి. పదిమందికి సరిపడా దుంపలు పంపమని ఎఫ్రాయిన్‌కు కబురు పెట్టాం. ఆయన సరేనన్నాడు. ఇవెలిస్ మాత్రం ముందు మార్కు, తర్వాతే దుంప అంటోంది.

పిల్లలకు ఆహార వ్యవస్థ ఇంత బాగా అర్థమైపోతే ఎలాగండీ!