పన్నెండు వోల్టుల శవం

హాలోవీన్ నాడు పొద్దున్నే వెండెల్ కాఫీ కప్పుతో ముంగిట్లో మేపుల్ చెట్టు కింద నిలబడి, తాను స్వయంగా చెక్కలు కొట్టి చేసిన శవపేటికను కన్నబిడ్డను చూసినట్టు చూసుకున్నాడు. సాయంత్రం వేషాలేసుకున్న పిల్లలు మిఠాయిలకొస్తారు. మూత ఎగిరిపడాలి, లోపలి బొమ్మ శవం చటుక్కున లేవాలి, పిల్లలు కెవ్వుమనాలి. ముప్ఫై ఏళ్లుగా ఆయన ఏడాదంతా బతికేది ఆ కేక కోసమే.

నిరుడు ఇంటి కరెంటు నేరుగా శవానికి ఇచ్చి పూలపొద తగలబెట్టాడు. కాలనీ సంఘం అధ్యక్షురాలు వెర్నా అప్పుడే తేల్చి చెప్పింది. "ఇంకొక్కసారి మీ ఇంటికి ఫైరింజను వచ్చిందా, బొమ్మలన్నీ అటకెక్కాల్సిందే!"

అందుకే ఈసారి పన్నెండు వోల్టుల అడాప్టరు, దారిలో ఫ్యూజు, పాత కారు వైపరు మోటారు. వైరెంత సన్నమైతే అంత క్షేమమనుకుని, కాలింగ్ బెల్లుకు వేసే వైరును గరాజు నుంచి అరవై అడుగులు లాగాడు. భార్య లోర్నా గరాజులో స్విచ్చి వేసింది. శవం లేచి కూర్చోవడానికి నిండా అర నిమిషం పట్టింది.

"ఇది శవమా, సోమవారం పొద్దున నువ్వా?" అంది లోర్నా.

"సన్నవైరు కదా, సగం వోల్టులు దారిలోనే పోతున్నాయి. తోటదీపాలకేసే లావు వైరు తేవాల్సింది."

"మరి వెళ్లి తెచ్చుకో."

"కీలేమైనా పట్టేసిందేమో చూడనీ ముందు." వెండెల్ పేటికలో పడుకుని శవం కిందకి దూరాడు. "లోర్నా! ఇవ్వు కరెంటు! ఇంకా ఇవ్వు!"

సరిగ్గా అప్పుడే వెర్నా కుక్కను తిప్పుకుంటూ వచ్చింది. పేటికలోంచి వెండెల్ చేతులు రెండూ వణుకుతూ లేచాయి. వెనకే "అమ్మో, నడుము!" అన్న మూలుగు. వెర్నా ఫోను తీసింది. "మా పక్కింటాయనకు కరెంటు కొట్టింది! భార్యే స్విచ్చి వేస్తోంది!"

కాసేపట్లో, ఏ బండి రాకూడదో ఆ బండే గంట కొట్టుకుంటూ వచ్చింది. వెనకాలే వీధి వీధంతా వచ్చింది. ముందే వేషాలేసుకుని తిరుగుతున్న పిల్లలూ వచ్చారు. వెండెల్ నడుము పట్టుకుని పేటికలోంచి లేచి ఫైరింజను కేసి చూశాడు. ముప్ఫై ఏళ్లు ఈ పూటతో సరి అనుకున్నాడు.

ఫైర్ చీఫ్ ఓటిస్ అడాప్టరు చూశాడు, ఫ్యూజు చూశాడు, వైరంతా తడిమాడు. చివరికి మోటారు దగ్గర వైరు విప్పి, రెండు కొసలూ వేళ్లతో పట్టుకుని, "వెయ్యమ్మా స్విచ్చి" అన్నాడు. లోర్నా వేసింది. ఓటిస్ చెక్కుచెదరలేదు.

"పెద్దాయనా, ఈ పనితనం మా ఫైర్ ట్రైనింగులో పాఠంగా పెట్టొచ్చు. ఏదీ, ఆడించి చూపించు."

వైరు మళ్లీ కలిపారు. మూత వేలెడు వేలెడు చొప్పున తెరుచుకుంది. ముందు వేళ్లు, తర్వాత నుదురు, తర్వాత ఎవరి కోసమో వెతుకుతున్నట్టు మెల్లగా తిరిగే మొహం. ఒక్క పిల్లా కెవ్వుమనలేదు. చేతిలో సంచులు జారిపోయినా ఎవరూ వంగి తీసుకోలేదు. మంత్రగత్తె వేషంలో ఉన్న చిన్నది తల్లి చెయ్యి పట్టుకుని, "అమ్మా, అది నిజంగానే నిద్ర లేస్తోంది" అంది. వెండెల్ పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. ముప్ఫై ఏళ్ల కేకలన్నీ ఒక ఎత్తు, ఈ నిశ్శబ్దం ఒక ఎత్తు.

"లావు వైరు తేనా?" అంది లోర్నా, గరాజులోంచి వచ్చి పక్కన నిలబడి, లోగొంతుకతో.

"తెచ్చావంటే విడాకులే."

అంతలో ఓటిస్ ముక్కు ఎగబీల్చాడు. "ఏదో కాలుతోంది. ఇక్కడ కాదు."

వాసన పట్టుకుని పక్కింటికి నడిచాడు. వెర్నా ముంగిట్లో గాలికొట్టి నిలబెట్టిన నల్లపిల్లి బొమ్మ రెండు నిలువుల ఎత్తున ఊగుతోంది. దానికి గాలి కొట్టే పంపుకు కరెంటిచ్చేది పడగ్గదిలో దీపానికి వాడే తీగ. అతుకు నీటి గుంటలో పొగలు కక్కుతోంది. ఓటిస్ పరుగున వెళ్లి మెయిన్ ఆపేశాడు. పిల్లి నిట్టూర్చి వాలిపోయింది.

ఆ ఏడాది హాలోవీన్‌కు ఆ వీధిలో కెవ్వుమన్నది వెర్నా ఒక్కతే.