ఫణి గారి రెండో పాము

ఆ ఉదయం పూర్ణిమ అనుకున్నది చిన్న పనే. దుర్గి వెళ్లి చెక్కించిన రాయి తెచ్చుకోవాలి. నకరికల్లు పొలంలో భర్త ఫణి సమాధి దగ్గర నిలబెట్టించాలి. రేపు సంవత్సరీకానికి చుట్టాలు దిగేలోగా ఆయన పక్కన ఒంటరిగా కూర్చుని తనివితీరా మాట్లాడుకోవాలి. ఏడాదిగా ఆమె ఆకలంతా ఆ మాటల కోసమే.

ఫణి సైన్యంలో వైద్య విభాగంలో పనిచేసి వచ్చాడు. టోపీ బ్యాడ్జీ మీద కర్రను చుట్టుకున్న పామును చూపించి, "కర్ర నడవలేనోడికి ఆసరా. పాము కుబుసం విడిచి కొత్తదవుద్ది, మా రోగిలాగే. పాము ఒక్కటే ఉండాలి, రెండుంటే అది వ్యాపారం గుర్తు" అని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాడు. ఇంట్లో తాడు కదిలితే మాత్రం పామేమోనని మంచమెక్కేవాడు.

దుర్గిలో శిల్పి నాగభూషణం రాతి మీది గోనె తీశాడు. కర్రకు రెండు పాములు పెనవేసుకుని ఉన్నాయి.

"ఒక్కటే చెక్కమన్నా గదండీ?"

"ఒంటి పామును నిలబెడితే మంచిది కాదమ్మా. మా తాతల నాటి నుంచీ జంట నాగులే చెక్కుతున్నాం."

"రెండోది తీసెయ్యండి."

"తీస్తే కర్ర విరుగుద్ది."

పూర్ణిమ కళ్లు తుడుచుకుని రాయిని ఆటోకెక్కించింది.

నకరికల్లు సెంటర్లో డ్రైవరు టీకి ఆపాడు. జంట నాగుల్ని చూసి ఎవరో కొబ్బరికాయ కొట్టారు. అంతే, ఆటో వెనక ఆడవాళ్లు బయల్దేరారు. పొలంలో రాయి నిలబెట్టేసరికి పక్క పొలం శేషమ్మ పాలచెంబుతో సిద్ధంగా ఉంది.

"అత్తా, అది దేవుడు కాదు. మీ ఫణి యూనిట్ గుర్తు" అంది పూర్ణిమ.

"యూనిట్టయితే ఏందే, పడగుందా లేదా?"

పాలయ్యాయి, పసుపయింది. పిల్లల కోసం మొక్కుకున్న నిఖిత చిన్న ఉయ్యాల కట్టింది. పసుపు కింద ఫణి పేరు మునిగిపోయింది. పూర్ణిమ ముందుకు రాబోతే ఎవరో, "వరసలో రామ్మా" అన్నారు.

మొగుణ్ణి చూసుకోవడానికి ఆమె వరసలో నిలబడింది.

తన వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. కొంగుతో పేరు తుడిచింది. దాచుకున్న మాటలు జనం ముందు చెప్పుకునేవి కావు. రాతిలో రెండు పాములూ ఒకే కర్రను చుట్టుకుని ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. వాటిని చూస్తే ఆమెకు అసూయ కలిగింది.

"ఏవండీ, రెండోది వద్దని పొద్దున పోట్లాడాను. ఉండనివ్వండి. అది నేను" అంది నెమ్మదిగా.

వెనక నుంచి శేషమ్మ, "ఏం మొక్కుకున్నావే?" అంది.

"తీరిపోయింది అత్తా."

తాడుకే మంచమెక్కే ఫణి గారికి మాత్రం ఈసారి మంచం అందుబాటులో లేదు.