పదిహేడో నంబరు ఫోటో

1961 వేసవిలో కావలి ఉల్లాస సమాజం వారు భూగోళ శాస్త్రానికి చేసిన సేవ లోకానికి తెలియకుండా పోయింది. తెలియజేయటం మన విధి.

ఆ ఏడు మే నెలలో సమాజం సభ్యులు పద్నాలుగు మంది సకుటుంబంగా యాత్రా స్పెషల్ రైలెక్కి ఇరవై ఆరు రోజుల్లో దేశమంతా చూసి వచ్చారు. అందరూ ఒకే రైల్లో పోయారు, ఒకే సత్రాల్లో దిగారు, ఒకే వంటవాడు చేసిన పప్పుచారు తిన్నారు. తిరిగొచ్చాక ఫోటోలు ఒకరివొకరికి చూపించుకోవటం మొదలుపెట్టారు. చిక్కు అక్కడే వచ్చింది. తమ ఫోటోలు చూపించే ఓపిక అందరికీ ఉంది; ఎదుటివారివి చూసే ఓపిక ఒక్కరికీ లేదు. ఈ కొరత తీర్చటానికి సమాజం అధ్యక్షులు, ప్లీడరు పద్మనాభయ్య గారు ఒక పోటీ ప్రకటించారు. ఫోటో చూసి అది ఏ ఊళ్లో తీసిందో చెప్పాలి. ఎక్కువ ఊళ్లు చెప్పినవారికి థర్మాస్ ఫ్లాస్కు బహుమానం.

ప్లీడరు గారు రాసిన పోటీ గనక నిబంధనలు తొమ్మిది ఉన్నాయి. ఫోటోకు నంబరు తప్ప యజమాని పేరు ఉండరాదు. నిర్ణయం అయ్యేదాకా యజమాని నోరు మెదపరాదు. నిర్ణయమైన ఫోటో సమాజం వారి ఆల్బములో జిగురుతో అతికించబడును. అతికించినది వాపసు ఇవ్వబడదు. ఏడో నిబంధన ప్రకారం చూడదగిన స్థలం కాని పక్షంలో ఫోటో తిరస్కరించబడును. ఎనిమిదో నిబంధన ప్రకారం యజమాని పేరు బయటపెట్టిన ఫోటో జప్తు చేయబడును. మిగతా నిబంధనలు ఫ్లాస్కు గురించి.

హైస్కూల్లో భూగోళం చెప్పే జకరయ్య గారు సమాజంలో సభ్యుడు కాదు. అయినా పోటీ రోజు ఆయనకు కబురు వెళ్లింది. స్కూలు అట్లాసు పెద్దది. దాన్ని మోసుకొచ్చి పేజీలు తిప్పటానికి ఒక విద్యావంతుడు అవసరమయ్యాడు.

జకరయ్య గారికి ఆ సాయంత్రం వేరే పని ఉంది. ఆయన భార్య నవోమి పోయి వచ్చే ఆదివారానికి ఏడాది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. ఆమెది ఉన్నది ఒకే ఒక్క ఫోటో. పెళ్లినాడు ఫోటో తీయించుకోవాలని ఎవరికీ తోచలేదు. ఈ ఒక్కదాని నెగటివు ఉప్పుగాలికి పొరలు లేచి పాడైంది. మిగిలిన ఆ ఫోటోనే పెద్దది చేయమని స్టూడియో ఖాదర్ బాషాకిచ్చి నాలుగు రోజులైంది. పోటీ ఫోటోలు పట్టుకుని బాషా కూడా సమాజానికే వస్తాడు గనక, అక్కడే కనుక్కోవచ్చని జకరయ్య గారు అట్లాసు భుజాన పెట్టుకుని వెళ్లారు.

నవోమి గారు సర్కారు ఆస్పత్రిలో కాన్పుల నర్సు. పంతొమ్మిదేళ్లు ఆ ఊరు ఆమెను తెల్లచీరలోనే చూసింది. ఆ సాయంత్రం హాల్లో కూర్చున్న పెద్దమనుషుల పిల్లల్లో సగం మందిని ఈ లోకంలో మొదట ఎత్తుకున్నది ఆమె. ఈ విషయానికి పోటీతో సంబంధం లేదు గనక ఎవరికీ గుర్తు రాలేదు.

పోటీ దివ్యంగా మొదలైంది. మొదటి నంబరు రైసుమిల్లు ముత్యాలయ్య గారిది. యజమాని పేరు రహస్యంగానే ఉంచారు; ముఖం ఉంచటానికి వీలు పడలేదు. ముత్యాలయ్య గారు నిండైన మనిషి. ఫోటో నిండా ఆయనే ఉన్నారు. ఎడమ భుజం మీద మాత్రం ఒక తెల్లటి స్తంభం కొస మొలిచినట్టు కనిపిస్తోంది.

"ముత్యాలన్న ఎనకాల ఇంకేం కనపడతాదబ్బా!" అన్నాడు పొగాకు ఓబయ్య. "అయినా అంత మనిషి ఎనక నించి కూడా తొంగి చూసిందంటే అది తాజమహలే అయ్యుండాల."

సరైన జవాబు. ముత్యాలయ్య గారు పొంగిపోయారు. తాజమహలుకు దక్కిన గౌరవాల్లో ఇదొకటి.

నాలుగో నంబరు స్వయానా అధ్యక్షుల వారిది. వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఓబయ్య ఫోటోను దీపం దగ్గరికి జరిపి చూశాడు.

"బుగ్గలు పీక్కపొయ్యుండాయి. ప్లీడరుగారికి కడుపు చెడింది కాశీలో. మళ్లా కుదురుకునింది హరిద్వారంలో. నడిమధ్యన ఏ ఊరుంది? ప్రయాగ!"

అధ్యక్షులు ఒప్పుకున్నారు. వైద్యశాస్త్రం భూగోళానికి ఇంతగా తోడ్పడటం జకరయ్య గారు ఇరవై ఏళ్ల ఉద్యోగంలో చూడలేదు. ఆయన మర్యాదగా అట్లాసులో ప్రయాగ పేజీ తీసి చూపించారు. ఎవరూ చూడలేదు.

తొమ్మిదో నంబరు ఫిల్ముకు వెలుతురు తగిలి మొత్తం తెల్లబడిపోయింది. దాన్ని ఏకగ్రీవంగా హిమాలయమని తీర్మానించారు. పన్నెండో నంబరు పోస్టుమాస్టరు గారి భార్య కామాక్షమ్మ గారిది. ఆమె యాత్రకు వెళ్లలేదు; వెళ్లినవారు చెప్పింది నెలరోజులు విని, విసిగి, బాషా స్టూడియోలో సరస్సూ పడవా మంచుకొండా వేసిన తెర ముందు కూర్చుని ఒక ఫోటో తీయించుకుంది. హాల్లో ఉన్నవారంతా ఏదో ఒక శుభకార్యానికి ఆ తెర ముందు కూర్చున్నవారే. ఫోటో పైకెత్తగానే "కాశ్మీరు!" అని ఒక్క గొంతుతో అరిచారు. ఆ రోజు చూపించిన ఫోటోల్లో స్థలం స్పష్టంగా కనిపించింది అదొక్కటే. బాషా నేలచూపులు చూశాడు.

తర్వాత పదిహేడో నంబరు పైకి వచ్చింది.

జకరయ్య గారు అట్లాసు మూశారు. ఫోటోలో సముద్రం ఉంది, ఇసుకలో ఆరబెట్టిన తెప్ప ఉంది, పూల చీర కట్టుకుని చెప్పులు చేత్తో పట్టుకుని నవ్వుతున్న నవోమి ఉంది.

గుమ్మం దగ్గర బాషా లేచి నిలబడ్డాడు. "సార్, సార్! కవర్లు మారిపొయ్యినాయి. ఇది పోటీది కాదు సార్, ఇది మన..."

అధ్యక్షులు గంట కొట్టారు. "యజమాని పేరు బయటపెట్టిన ఫోటోను సమాజం జప్తు చేయును. ఎనిమిదో నిబంధన. కూర్చోవయ్యా."

బాషా జకరయ్య గారి వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

అంతవరకు చకచకా సాగిన పోటీ ఆ ఫోటో దగ్గర ఆగిపోయింది. అందులో స్థలమూ మనిషీ రెండూ కనిపిస్తుండటంతో సభ్యులకు పాలుపోలేదు. సముద్రపు గాలి బాగా రావాలని చందాలెత్తి పెట్టించిన తూర్పు కిటికీ పక్కన నిలబడి వాళ్లు ఫోటోను తిప్పి తిప్పి చూశారు.

"ఇంత శుభ్రమైన సముద్రం మన దేశంలో యాడుంది? సింహళమేమో" అన్నారు ముత్యాలయ్య గారు.

"చెప్పులు చేతిలో ఉండాయి చూడన్నా!" అన్నాడు ఓబయ్య. "చెప్పులు ఇప్పిందంటే పుణ్యక్షేత్రం. సముద్రముండే పుణ్యక్షేత్రం. రామేశ్వరం."

"మరి నవ్వుతా ఉండాదే?" అన్నారు ముత్యాలయ్య గారు.

"రైలు దిగిన మొదటి రోజు. మూడో రోజయితే నవ్వేదెట్లా?"

చెప్పులు విప్పింది ఇసుక కోసం. నవ్వింది గొడుగు కోసం. కెమెరా పక్కన జకరయ్య గారు పట్టుకుని నిలబడ్డ గొడుగు గాలికి తిరగబడి, ఆయన దాని వెంట పరుగెత్తబోయారు. కానీ యజమాని నోరు మెదపరాదు.

ముత్యాలయ్య గారు ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. జకరయ్య గారు ఆయన ముఖం కేసే చూస్తున్నారు. చివరికి ముత్యాలయ్య గారు పెదవి విరిచారు.

"ఈ మనిషి అడ్డం లేకుండా ఉంటే ఊరు తెలిసిపొయ్యేది."

అధ్యక్షులు లేచి ఉపన్యసించారు. "సోదరులారా! సందేహమున్న చోట మెజారిటీయే సత్యం. మనకు స్వాతంత్ర్యం వచ్చింది ఇందుకే. పదిహేడో నంబరును రామేశ్వరంగా ప్రకటిస్తున్నాను." చప్పట్లు మోగాయి. ఓబయ్య ఫోటోను బోర్లా తిప్పి, జిగురు గిన్నెలో కుంచె ముంచాడు.

"ఒక్క మాటండీ" అన్నారు జకరయ్య గారు. ఆయన గొంతు పెద్దది కాదు. అయినా, అప్పటివరకు మాట్లాడని వస్తువేదో మాట్లాడినట్టు అందరూ తిరిగి చూశారు. "ఆ చోటు ఈ అట్లాసులో లేదండీ."

"రామేశ్వరం లేదా?"

"రామేశ్వరం ఉంది. ఇది తుమ్మలపెంట."

హాలంతా ఒక్కసారిగా నవ్వింది.

"తుమ్మలపెంటా! ఆ చేపలూరికి ఎవరన్నా ఫోటోకు పోతారా అయ్యవారూ?" అన్నాడు ఓబయ్య. జిగురు కుంచె మాత్రం ఇంకా అతని చేతిలోనే ఉంది.

"తుమ్మలపెంటయితే చూడదగిన స్థలం కాదు గదండీ" అన్నారు జకరయ్య గారు, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని. "ఏడో నిబంధన వర్తిస్తుందేమో చూడండి."

అధ్యక్షులు నిబంధనల కాగితం తీసి చదివి, వర్తిస్తుందన్నారు. ఫోటో వెనక 'తిరస్కరించబడినది' అని ముద్ర వేశారు. ఎవరిదని అడగవలసిన పని లేదు. తిరస్కరించినవాటికి యజమాని ఎవరైతేనేం?

"పొయ్యేటప్పుడు అవతల పారెయ్యండి అయ్యవారూ" అని ఓబయ్య దాన్ని జకరయ్య గారికి అందించాడు. ఆయన "మంచిదండీ" అని, దాన్ని అట్లాసు మధ్యలో పెట్టి మూసి, గుమ్మం దగ్గర ఎదురుచూస్తున్న బాషా వైపు నడిచారు.

ఆదివారం కూడికకు సమాజం వారంతా వచ్చారు. ఉన్నమాట చెప్పుకోవాలి, చావు సంగతులకు మన ఊళ్లో ఎవరూ వెనకాడరు. బల్ల మీద పెద్ద చట్రంలో సముద్రం, తెప్ప, పూల చీర. బాషా ఆ ఫోటోకు తన పనితనం మొత్తం పెట్టాడు. ముత్యాలయ్య గారు మాట్లాడారు.

"నా ముగ్గురు బిడ్డల్నీ ఈ తల్లి చేతుల్తో అందుకునింది. ఆ ముఖం నా కళ్లల్లో నిలిచిపొయ్యుండాది. ఏ గుంపులో చూసినా, ఏ దేశంలో చూసినా పోల్చుకుంటా నేను!"

ఆయన కళ్లవెంట నీళ్లు వచ్చాయి. అవి నిజమైన నీళ్లే.

అందరూ లేచాక ఆయన ఫోటో ముందుకు వెళ్లి చేతులు జోడించి కాసేపు నిలబడ్డారు. తర్వాత జకరయ్య గారిని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"అయ్యవారూ, ఇది యాడ తీయించినారు? రామేశ్వరంలోనా?"

"తుమ్మలపెంటండీ."

"అట్నా! బాగుండాదే. ఎంత దూరం?"

"నాలుగు మైళ్లండీ" అన్నారు జకరయ్య గారు. దూరాలు చెప్పటం ఆయన వృత్తి.

ఇంతా చెప్పి ఫ్లాస్కు ఎవరికి వచ్చిందో చెప్పలేదేమని మీరు అనుకుంటూ ఉంటారు. ఓబయ్యకు వచ్చింది. నవోమి గారు ఏం జబ్బు చేసి పోయారని మాత్రం మీరు అడగలేదు. మీ తప్పు కాదు. కూడికకు వచ్చినవారూ అడగలేదు. అడిగితే చెప్పటానికి జకరయ్య గారు సాయంత్రాలు ఇంట్లోనే ఉంటారు. ఆ ఇంటికి దూరం నాలుగు మైళ్లు కూడా లేదు.