శుభ్రంగా ఉండటమే మడుగు చేసిన తప్పు

ఒక పెద్ద అడవిలో, పెద్దవాళ్ల కంట పడనంత చిన్న మడుగు ఒకటుండేది. కంట పడలేదు కాబట్టే అది బాగుండేది. వంగి చూస్తే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

ఆ మడుగును అలా ఉంచింది తాయారమ్మ అనే ముసలి తాబేలు. రాలిన ఆకులు, చచ్చిన చేపలు, కుళ్లిన నాచు, ఏది కనబడితే అది తినేసేది. దాన్ని సేవ అంటారని ఆవిడకు తెలియదు, భోజనమనే అనుకునేది. ఆ ఏడు ఒడ్డున ఇసుకలో పద్నాలుగు గుడ్లు పెట్టి, పైన మట్టి కప్పి, పూటకోసారి వచ్చి చూసుకుంటోంది. ఇవే తన ఆఖరి గుడ్లని ఆవిడకు లోలోపల తెలుసు. అందుకే వాటి మీద ప్రాణం పెట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే ఒడ్డున సందడి మొదలైంది. ముందు అడవి పంచాయతీ ప్రెసిడెంటు భల్లూకరావు, ఎలుగుబంటి. ఎప్పుడో వేసిన దండ వాడిపోయినా మెడలోంచి తీయలేదు. వెనకాల వన విశ్వవిద్యాలయం ఆచార్యుడు ధవళాంగుడు, కొంగ. ఆయన ఒంటికాలి మీద నిలబడి మాట్లాడతాడు. రెండో కాలు కింద పెట్టేదాకా మాట ఆగదు. వీళ్లతో పాటు బెరడు మీద బొమ్మలు చెక్కే వడ్రంగి పిట్ట కూడా వచ్చింది.

"మామ్మగారూ, శుభవార్త!" అన్నాడు భల్లూకరావు. "పంచాయతీకీ విశ్వవిద్యాలయానికీ ఒప్పందం కుదిరింది. ఇకమీదట పర్యావరణాన్ని ఇద్దరం కలిసి కాపాడతాం. మొట్టమొదట మీ మడుగునే కాపాడుతున్నాం!"

"కాపాడండి నాయనా. ఎవరి నుంచి?" అంది తాయారమ్మ.

ఆ సంగతి ఒప్పందంలో రాయలేదు.

ఆచార్యుడు మెడ సాచి నీళ్లలోకి చూశాడు. చూడగానే ఆయన మొహం వాడిపోయింది. "ఇదేమిటండీ, అడుగు కనిపిస్తోంది!"

"కనిపిస్తే ఏం బాబూ?"

ఆచార్యుడు ఒక కాలు ఎత్తాడు. పథకం దరఖాస్తులో రెండు గళ్లుంటాయనీ, ఒకటి 'ముందు', రెండోది 'తర్వాత' అనీ, ముందు మురికిగా ఉన్నది తర్వాత శుభ్రపడితేనే దాన్ని అభివృద్ధి అంటారనీ, ముందే శుభ్రంగా ఉన్నదాన్ని ఏమనాలో ఇంతవరకూ ఏ శాస్త్రమూ చెప్పలేదనీ చాలాసేపు వివరించాడు. ఆయన కాలు దించేసరికి వడ్రంగి పిట్ట ముక్కు చెట్టుకు గుచ్చుకుని అలాగే నిద్రపోయి ఉంది. మడుగు మీది దోమలు కూడా ఎటో వెళ్లిపోయాయి. తాయారమ్మకు అది మనసులో ఉండిపోయింది.

"అలాగైతే ఉత్తరాన మురికి మడుగులు రెండున్నాయి, అక్కడికి వెళ్లండి," అంది.

"అవి దూరమండీ. పైగా కంపు," అన్నాడు భల్లూకరావు.

ఇద్దరూ పక్కకు వెళ్లి చెవులు కొరుక్కున్నారు. "దిగులు పడకండి మామ్మగారూ. ఆ 'ముందు' ఏదో మేమే ఏర్పాటు చేస్తాం. పది రోజుల పని," అంటూ ప్రెసిడెంటు నవ్వుతూ తిరిగొచ్చాడు.

మర్నాడు ఇరవై అడవి దున్నపోతులు దిగాయి. సాయంత్రానికల్లా మడుగు రేగడి బురద అయిపోయింది. ఆచార్యుడు పొంగిపోయాడు. "ఎంత చక్కటి మురికి!" అన్నాడు. వడ్రంగి పిట్ట 'ముందు' బొమ్మ చెక్కేసింది.

పది రోజులయ్యాయి. ప్రెసిడెంటు ఒడ్డున నిలబడి, "పని అయిపోయింది, ఇక లేవండయ్యా," అన్నాడు.

దున్నల పెద్ద బండయ్య కళ్లు కూడా తెరవలేదు. "మమ్మల్ని రమ్మన్నదెవరు?"

"మేమే."

"ఇప్పుడు పొమ్మంటున్నదెవరు?"

"మేమే."

"ముందు మీలో మీరు ఒక మాట మీదికి రండి. అప్పుడు చూద్దాం."

భల్లూకరావు అరిచాడు, బతిమాలాడు, నోటీసు అంటించాడు. నోటీసును బండయ్య నమిలేశాడు. ఇంతలో వానాకాలం వచ్చింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు అని ఊరికే అంటాం గానీ, అక్కడ నిజంగానే కురిసింది. ఒక్క తోకైనా కదల్లేదు.

పైగా బురద ఒడ్డు దాకా పాకింది. ఒకరోజు గుడ్లకు జానెడు దూరంలో డెక్క గుర్తు పడింది. తాయారమ్మ వెళ్లి గుడ్ల మీద ఎక్కి కూర్చుంది.

"అడ్డం లే మామ్మా," అన్నాడు బండయ్య.

"లేవను. కింద నా పిల్లలున్నారు. తొక్కాలంటే ముందు నన్ను తొక్కు."

బండయ్య చెడ్డవాడేం కాదు. "సరే, కొంచెం పక్కగా తొక్కుతాంలే," అన్నాడు.

రెండు వారాల్లో, పథకాన్ని మంజూరు చేసిన ఏనుగుల సంఘం తనిఖీకి వస్తోందని కబురొచ్చింది. ప్రెసిడెంటు నెత్తి పట్టుకున్నాడు. "మనం ఎందుకు విఫలమయ్యామో చర్చించడానికి ఒక సదస్సు పెడదాం," అన్నాడు ఆచార్యుడు.

గుడ్ల మీద కూర్చున్న తాయారమ్మ తల బయటికి పెట్టింది. "బంగారం లాంటి మాట, బాబూ. ఆ సదస్సేదో ఇక్కడే పెట్టండి. అవగాహన కావలసింది మడుగులో ఉన్నవాళ్లకే కదా!"

తన ఉపన్యాసం కావాలని ఎవరైనా నోరు తెరిచి అడగడం ఆచార్యుడి జన్మలో అదే మొదలు. ఆయన కళ్లు చెమర్చాయి. వెంటనే కాలు ఎత్తాడు.

మొదటి గంట దున్నపోతులు నెమరు వేశాయి. రెండో గంటలో ఒకడు ఇప్పుడే వస్తానని వెళ్లి తిరిగి రాలేదు. మధ్యాహ్నానికి సగం మంది లేరు. ఎండ వాలుతుండగా ఆచార్యుడు, "ఇంతవరకూ ఉపోద్ఘాతం," అన్నాడు. బండయ్య కళ్లు తెరిచాడు.

"ఇంకా ఎంతుంది సామీ?"

"తొమ్మిది రోజులు. చివర్లో మీ అందరి చేతా అభిప్రాయాలు రాయిస్తాం."

బండయ్య లేచాడు. ఒళ్లంతా బురద కారుతుండగా తాయారమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఉత్తరాన ఏవో మడుగులున్నాయంట కదా మామ్మా. ఈయన అక్కడికి రాడు కదా?"

"రాడు నాయనా. దూరం. పైగా కంపు."

పొద్దు గుంకే వేళకు మడుగు ఖాళీ అయిపోయింది. తాయారమ్మ ఒడ్డున రాలిన, నీళ్లను తేటపరిచే చిల్లగింజలను నీళ్లలోకి తోసింది. బురద మెల్లగా అడుక్కి దిగింది. మిగతా చెత్తను ఆవిడ తినేసింది. వారం తిరిగేసరికి మళ్లీ గులకరాళ్లు కనిపించాయి.

ఏనుగులు వచ్చి 'ముందు' బొమ్మ చూశాయి, నీళ్లు చూశాయి. అప్పుడే ఇసుక కదిలింది. పద్నాలుగు బుల్లి తాబేళ్లు ఒకదాని వెనక ఒకటి పైకొచ్చాయి. తాయారమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఇవన్నీ మా పథకం ఫలితాలు," అన్నాడు భల్లూకరావు.

ప్రెసిడెంటు ఆచార్యుడికి దండ వేశాడు, ఆచార్యుడు ప్రెసిడెంటుకు దండ వేశాడు. తాయారమ్మ పేరు ఎవరికీ గుర్తు రాలేదు. వాళ్లు తీసి పారేసిన దండలు మడుగులో పడితే ఆవిడ తినేసింది. బంతిపూలు, రుచిగానే ఉన్నాయి.

ఆ తర్వాత వందన సమర్పణ కోసం ఆచార్యుడు ఒక కాలు ఎత్తాడు. పుట్టి పావుగంటైనా కాని పద్నాలుగు పిల్లలూ ఒక్కసారిగా నీళ్లలోకి దూకాయి.

నీతి: చదువు వృథా పోతుందని ఎవరూ అనకండి, వానకు కదలని దున్నపోతు కూడా ఉపన్యాసానికి కదులుతుంది.