దొరగారి ఒక్కపొద్దు

కుక్కకు ఆపరేషన్ చేయించని ఇల్లు కూడా ఒక ఇల్లేనా?

మనకు రాష్ట్రం వచ్చింది. కర్నూలుకు రాజధాని వచ్చింది. తుంగభద్ర నీళ్లు కూడా రేపో మాపో మన చేలకు వస్తాయంటున్నారు. వీటన్నిటికంటే పెద్ద వరమొకటి ఎమ్మిగనూరుకు ఇప్పటికే వచ్చేసిందని మీలో ఎంతమంది గమనించారు? పెంపుడు జంతువులకు ఆపరేషన్! మత్తిచ్చి, కోసి, కుట్టి, మళ్లీ తోక ఊపుకుంటూ ఇంటికి నడిపించే ఆపరేషన్!

దీన్ని బెడద అనేవాళ్లున్నారు. "మనుషులకే మందు లేదు, కుక్కలకు క్లోరోఫారమా?" అని అరుగుల మీద కూర్చుని ఇకిలించేవాళ్లున్నారు. వాళ్లంతా నేతపనివాళ్ల వీధిలోని వీరేశం ఇంటికి ఒక్కసారి వెళ్లి రావాలని నా మనవి. ఆపరేషన్‌కు ముందు యజమాని ఏం చేయాలో, ఏం చేస్తే ఏమవుతుందో ఆ ఇంటికంటే బాగా బోధించే బడి లేదు.

వీరేశం కుక్క పేరు దొర. తెల్లగా ఉంటుంది, ఎవరైనా పిలిస్తే వెంటనే రాదు, అందుకని ఆ పేరు. అసలు దొరలు ఓడెక్కి వెళ్లిపోయినా ఈ దొర మాత్రం వీరేశం మగ్గం గుంతలోనే స్థిరపడ్డాడు. వీరేశం గుంతలో కాళ్లు పెట్టి మగ్గం తొక్కుతుంటే, తొక్కని కాలి మీద తల ఆనించి నిద్రపోవడం దొర ఉద్యోగం. ఆ బరువు లేకపోతే వీరేశానికి నేత సాగదు.

అలాంటి దొర మెడ కింద ఉసిరికాయంత గడ్డ లేచింది. చూస్తుండగానే నిమ్మకాయంత అయింది. తల ఆనిస్తే నొప్పి. అందుకని మగ్గం గుంతలో దొర నిలబడే కునుకుతున్నాడు. వీరేశం చీరలో పోగులు తెగుతున్నాయి.

ఆదోని నుంచి ప్రతి గురువారం ఒక పశువుల డాక్టరుగారు బస్సులో వస్తారు. కోస్తా జిల్లాల మనిషి. గడ్డ నొక్కి చూసి, "కోసెయ్యాలి. వచ్చే గురువారం తీసుకురా. ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ పెట్టకూడదు. మత్తులో వాంతి చేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. పూర్తిగా ఉపవాసం, తెలిసిందా?" అన్నారు.

"ఒక్కపొద్దు అంటారు, అంతే గదా సార్?"

"ఆఁ, అదే, అదే!" అన్నారు డాక్టరుగారు.

పాఠకులారా, ఆ రెండక్షరాల 'అదే' దగ్గరే కథంతా ఉంది.

వీరేశం తల్లి తిమ్మక్క సంగతి విని పొంగిపోయింది. "ఒక్కపొద్దా! ఇదేమంత గొప్ప పనిరా? నేను సోమారం సోమారం ఉంటాండ్లా? దానికీ సేయిస్తాలే, నువ్వు బోయి నీ మగ్గం సూసుకో!"

చూశారా! ఆపరేషన్ మాట ఎత్తగానే ఇంట్లో భక్తి ఎలా పెరిగిందో! ఏ హరికథ ఈ పని చేయగలదు?

బుధవారం సాయంత్రం తిమ్మక్క దొరకు తలస్నానం చేయించింది. నుదుట మూడు వేళ్లతో విభూతి పట్టెలు పెట్టింది. అన్నం మెతుకు తగలనివ్వలేదు. రొట్టె ముక్క చూపించలేదు. ఒక్కపొద్దులో అన్నం, రొట్టె నిషిద్ధం. ఫలహారం నిషిద్ధం కాదు గదా! అందుకని బొరుగులు నానబెట్టి ఒక పెద్ద గిన్నెడు ఉగ్గాని కలిపింది. పక్కన మిరపకాయ బజ్జీలు వేసి, పాపం మూగజీవమని లోపలి మిరపకాయ లాగేసింది. తరువాత రెండు అరటిపండ్లు. పైన చెంబెడు పాలు. నిద్రపోయే ముందు శనక్కాయల ఉండ ఒకటి. అంత నిష్ఠగా ఒక్కపొద్దున్న ప్రాణి మన తాలూకాలో మరొకటి లేదు.

మరునాడు బల్ల మీద దొరను పడుకోబెట్టారు. డాక్టరుగారు పొట్ట మీద చెయ్యి వేసి, అది తప్పెటలా బిగిసి ఉండేసరికి వెనక్కి తీసుకున్నారు.

"ఏం తిన్నాడు?"

"ఏమీ తినలేదు సార్. ఒక్కపొద్దు."

క్లోరోఫారం సీసా మూత తీయడమే ఆలస్యం, ఆ వాసనకు దొర తన ఒక్కపొద్దును మొత్తం డాక్టరుగారి బూట్ల మీద సమర్పించుకున్నాడు.

"ఏమిటయ్యా ఇది?" అని అరిచారు డాక్టరుగారు.

"ఉగ్గాని సార్," అన్నాడు వీరేశం వినయంగా. "ఉల్లిగడ్డ ఎయ్యలేదు."

ఆ వారం ఆపరేషన్ లేదు. డాక్టరుగారు బూట్లు కడుక్కుంటూ, "ఫలహారమైనా సరే, ప్రసాదమైనా సరే, నోట్లో ఏదీ పడకూడదు!" అని మూడు రకాలుగా చెప్పి బస్సెక్కారు.

అది విన్న తిమ్మక్క ముక్కు మీద వేలేసుకుంది. "పలారం కూడా లేకుంటే అదేం ఒక్కపొద్దురా? అట్ల మడుసులే ఉండలేరు గదరా!"

తల్లి చేతి నుంచి దొరను కాపాడడానికి వీరేశం ఒక్కటే దారి అనుకున్నాడు. వచ్చే బుధవారం ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. వండితే గదా పెట్టేది!

ఎంత గొప్ప ఆలోచన! ఒక కుక్క కోసం ఒక కుటుంబం మొత్తం పస్తు! ఇంతటి ఐకమత్యం మనకు పార్టీల్లో కనిపిస్తుందా? పంచాయతీల్లో కనిపిస్తుందా?

బుధవారం వచ్చింది. పొద్దు వాలింది. వీరేశం ఇంటి పైన పొగ లేదు. ఎదురింటి ఉచ్చీరమ్మ తొంగిచూసింది. వీరేశం మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. తిమ్మక్క ఆకలికి తలనొప్పి వచ్చి, తలకు గుడ్డ కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దొర నోరెత్తకుండా పక్కన నిలబడ్డాడు. పొగ రాని ఇంట్లో, కదలని ముసలమ్మ! ఉచ్చీరమ్మకు ఇంకేం కావాలి?

"అయ్యో నా తిమ్మక్కా! పొద్దున గూడా మాట్లాడితివి గదే!" అని ఒక్క కేక పెట్టింది. వీధి వీధంతా దిగింది. చావు జరిగిన ఇంటికి పక్కింటివాళ్లు కూడు తెచ్చిపెట్టడం మన ఆచారం. గంపలో రొట్టెలు, చట్టిలో పప్పు, తపేలాలో అన్నం, అన్నీ వచ్చేశాయి.

తిమ్మక్క దిగ్గున లేచి కూర్చుంది. "ఎవురే సచ్చింది? నీ నోట్లో మన్ను బడ! నేను రాయి మాదిరి ఉండా!"

"మరి పొయ్యెందుకు ఎలిగీలేదు?"

"కుక్క ఒక్కపొద్దే!"

ఇది అందరికీ అర్థమయ్యేటప్పటికి కొంతసేపు పట్టింది. దొరకు ఆ కొంతసేపు చాలు. గంప ఖాళీ. చట్టి ఖాళీ. తపేలాలో తల ఇరుక్కుని వీరేశం లాగవలసి వచ్చింది.

గురువారం డాక్టరుగారు పొట్ట చూసి, బూట్లను జాగ్రత్తగా వెనక్కి జరుపుకుని, "ఇవాళ ఏమిటి?" అన్నారు.

"సావు కూడు సార్."

"ఎవరు చనిపోయారు?"

"ఎవురూ సావలేదు సార్. అదే గదా వచ్చిన సిక్కు."

డాక్టరుగారు నవ్వలేదు. గడ్డ అప్పటికి వెలక్కాయంత అయింది. దొర మొరగబోతే గొంతులోంచి గాలి మాత్రమే వస్తోంది. "వీరేశం, ఇంక ఒక్క వారమే. ఆ తరువాత ఇది గొంతు నాళాన్ని పట్టేస్తుంది. అప్పుడు కత్తి పెట్టడం నా వల్ల కాదు," అన్నారు మెల్లగా. వీరేశం దొర చెవి నిమిరాడు. నలుగురి ముందు ఏడవడం ఇష్టంలేక ముక్కు చీదాడు.

అప్పుడే వెనక వరసలోంచి గోనెగండ్ల దగ్గరి పల్లె నుంచి నడిచి వచ్చిన కూలి మనిషి సుంకప్ప తన మేకను ముందుకు తెచ్చాడు. దాని తొడ మీద గడ్డ.

"ఇదైనా ఏమీ తినలేదు గదా?" అన్నారు డాక్టరుగారు విసుగ్గా.

"ఎవురు సామీ? మేకనా, నేనా?"

"మేకయ్యా!"

"అదీ తినలేదు సామీ."

మేక పొట్ట నొక్కి చూసి డాక్టరుగారి ముఖం వికసించింది. "ఇదీ పద్ధతంటే! అందరూ చూసి నేర్చుకోండి!" అన్నారు. అక్కడికక్కడే కోశారు, కుట్టారు, పంపించారు.

వీరేశం బయటికి పరుగెత్తి సుంకప్పను పట్టుకున్నాడు. "అన్నా, నీకు మొక్కుతా. నీ మేకను ఏం జేసి అట్ల ఉంచితివో, నా దొరను గూడా అట్లే ఉంచు. మా ఇంట్లో ఉంటే మా అమ్మ సంపేస్తాది, అమ్మ సంపకుంటే వీధోళ్లు సంపేస్తారు."

సుంకప్ప కుక్కను చూశాడు, వీరేశాన్ని చూశాడు. "నేనేం జేసినా అప్పా? ఏమీ జేయలేదు. సరే, తోలుకొని రా. మా ఇంటికాడ ఎవురూ ఏమీ పెట్టరులే."

మూడో బుధవారం మధ్యాహ్నం దొర సుంకప్ప పల్లెకు వెళ్లాడు. సాయంత్రం ఆ వీధిలో చాలా ఇళ్ల మీద పొగ లేదు. ఎవరూ కేక పెట్టలేదు. ఎవరూ గంపలు తేలేదు. ఎవరూ ఎవరి ఇంట్లోకీ తొంగిచూడలేదు. ఆపరేషన్‌కు కావలసిన ప్రశాంత వాతావరణమంటే అదీ!

గురువారం పొద్దున సుంకప్ప దొరను భుజాన వేసుకుని ఎమ్మిగనూరు చేరాడు. డాక్టరుగారు పొట్ట నొక్కారు. మళ్లీ నొక్కారు. "అద్భుతం!" అన్నారు. అరగంటలో గడ్డ పళ్లెంలో ఉంది. ఇంకో గంటకు దొర కళ్లు తెరిచి, మెడకు కట్టుతో, వీరేశం కాలి మీద తల ఆనించాడు. వీరేశం ఈసారి అందరి ముందరే ఏడ్చాడు.

కాబట్టి పాఠకులారా, నా సలహా ఒక్కటే. పెంపుడు జంతువుల ఆపరేషన్‌కు ముందు జాగ్రత్తల కోసం సర్కారు కొత్త భవనాలు కట్టనక్కరలేదు, ప్రణాళికలో పద్దు పెట్టనక్కరలేదు. కడుపు ఖాళీగా ఉంచే కేంద్రాలు మన పడమటి పల్లెల్లో వీధి వీధికీ తయారుగా ఉన్నాయి. పిల్లాజెల్లాతో సహా అందరూ శిక్షణ పొందినవాళ్లే. ఏళ్ల తరబడి అనుభవం! వానలు రానన్నాళ్లూ ఆ కేంద్రాలకు లోటుండదు. పట్నవాసులు తమ కుక్కలను, పిల్లులను, చిలకలను నిశ్చింతగా అక్కడికి పంపించవచ్చు.

అయితే ఒక్క లోపం ఉంది. నిజాయితీగా చెప్పకపోతే తప్పవుతుంది. ఆ కేంద్రాలవాళ్లను పూర్తిగా నమ్మడానికి వీల్లేదు. వీరేశం చేతులు పట్టుకుని మెచ్చుకుంటుంటే సుంకప్పే తల వంచుకుని ఒప్పుకున్నాడు.

"నన్ను మెచ్చుకోవద్దప్పా. మాపున మీ కుక్క మా మొగం సూసి కుయ్‌కుయ్ అంటాంటే మా ఆడదానికి మనసు ఆగలేదు. రోంత గంజన్నా పోద్దామని లేసి కుండలో సెయ్యి పెట్టింది. ఏమన్నా ఉంటే పోసేసి ఉండునప్పా. నీ అదురుష్టం బాగుండాది."