చేయి దాటిన బల్లెం

తమ శాఖలో ఇకమీదట ఏ నిబంధనకూ రెండు అర్థాలు ఉండబోవని మంత్రిగారు ప్రకటించారు. అందుకు సాధనగా శనివారం మధ్యాహ్నాలు అధికారులతో ఒక ఆట మొదలుపెట్టారు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వీరుడిగానో మాంత్రికుడిగానో తమను ఊహించుకుని, పాచికలు వేసి రాక్షసులతో పోరాడే ఆట. పాలనకు ఇంతకన్నా దగ్గరి విద్య లేదని వారి నమ్మకం.

కథ నడపడం, నిబంధన చెప్పడం పీఏ పని. అతని భార్యకు వేరే ఊళ్లో ఉద్యోగం. "ఈ ఆదివారమైనా వస్తావా నాన్నా?" అని కూతురు ఫోన్లో అడగడం మానేసింది. అప్పటినుంచే అతనికి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఆ ఊరికి బదిలీ కాగితం మంత్రిగారి సొరుగులో ఉంది.

"డ్రాగన్ని చంపిన రోజు సంతకం పెడతానయ్యా. నా మాటంటే మాటే," అన్నారు మంత్రిగారు.

ఆటలో ఆయన మాంత్రికుడు. ఆ శనివారం అదృశ్య మంత్రం వేసుకుని గుహలో దూరి, డ్రాగన్ మీదికి బల్లెం విసిరారు. పాచిక బ్రహ్మాండంగా పడింది.

పీఏ గొంతు సవరించుకున్నాడు. "ఆయుధంతో దాడి చేస్తే మంత్రం తొలగిపోతుందని ఆట నిబంధనల పుస్తకంలో ఉందండి. మీరు కనిపిస్తారు. అది చచ్చేలోగా ఒకసారి తోక విసురుతుంది."

"విసిరితే?"

"తగులుతుందండి."

మంత్రిగారు న్యాయ సలహాదారు వైపు చూశారు. ఆ చూపుకి అర్థం చెప్పడమే ఆయన ఉద్యోగం.

"చేతిలో ఉన్నంతవరకే బల్లెం ఆయుధం సార్. చేయి దాటాక అది గాలిలో పోయే వస్తువు. దానికి మీరేం చేస్తారు?"

"ఆయుధం కాకపోతే డ్రాగన్ ఎలా చస్తుందండీ?" అన్నాడు పీఏ.

"డ్రాగన్‌కి తగిలే చోట ఆయుధం. సార్‌కి వర్తించే చోట వస్తువు. ఇందులో గందరగోళం ఏముందయ్యా?"

పీఏ సొరుగు వైపు చూశాడు. "అంతేనండి," అన్నాడు.

డ్రాగన్ చచ్చింది. తోక గోడకు తగిలింది. ఈ తీర్పును ఎవరూ ప్రశ్నించరాదని మంత్రిగారు అప్పటికప్పుడు సర్క్యులర్ మీద సంతకం చేశారు. పీఏ అదే కలం పక్కన బదిలీ కాగితం పెట్టాడు.

"డ్రాగన్ చచ్చిందండి."

"చచ్చింది పాపం. నేను చంపానా?"

"అందరం చూశాం కదండీ."

"నన్నా? కనిపించనివాణ్ణి ఎలా చూశారు? విసిరింది ఆయుధం కాదని నువ్వే ఒప్పుకున్నావు. చంపిందెవరో విచారణ జరగాలి," అంటూ మంత్రిగారు కాగితాన్ని మళ్లీ సొరుగులో పడేశారు.

ఇంటికి పోతూంటే పీఏకి కోపం రాలేదు. 'అంతేనండి' అన్న మాట తన నోట అంత సుళువుగా ఎలా వచ్చిందన్నదే దారి పొడుగునా అతన్ని తొలిచింది.

తరువాతి శనివారం అందరికన్నా ముందు మంత్రిగారే వచ్చి కూర్చున్నారు. పీఏ పాచికలు సర్ది, సొరుగులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టి, చుట్టూ చూశాడు.

"మంత్రిగారు ఇంకా రాలేదాండీ?"

"ఎదురుగా ఉంటే కనపడ్డం లేదూ?" అన్నారు మంత్రిగారు.

పీఏ న్యాయ సలహాదారు వైపు తిరిగాడు. "ఆయుధంతో దాడి జరగలేదు కాబట్టి మంత్రం తొలగలేదు కదండీ. సర్క్యులర్ ప్రకారం."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. కుర్చీ వైపు చూశాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"ప్రకారం అయితే... లేరు."

"ఏమిటీ వేళాకోళం? ఆ బల్లెం ఆయు..." అని మంత్రిగారు ఆగిపోయారు. తన సర్క్యులర్‌ని తానే తప్పనడం వారి వంశంలో లేదు.

"వారు లేనప్పుడు బదిలీలు నేను చూడొచ్చు," అంటూ బల్లకు అవతల కూర్చున్న శాఖ ఉపకార్యదర్శి కలం తీసి సంతకం పెట్టాడు.

మంత్రిగారు పాచికలు బల్లకేసి కొట్టారు.

"గాలి ఎక్కువగా ఉంది, ఆ కిటికీ వెయ్యవయ్యా," అన్నాడు ఉపకార్యదర్శి. పీఏ లేచి వేశాడు.

ఆ వారమంతా శాఖలో పనులు ఎప్పటిలాగే జరిగాయి.