కారెక్కి కూర్చున్న హాల్ టికెట్టు

ఏడున్నరకు ఉప్మా, ఎనిమిదికి కారు, ఎనిమిదిన్నరకు పరీక్ష సెంటరు, తొమ్మిదికి పరీక్ష. గౌసియా ఆ శుక్రవారం ఉదయాన్ని వారం ముందే మనసులో గీసి పెట్టుకుంది. తొమ్మిదో తరగతి దగ్గర ఆగిపోయిన చదువును ఇన్నేళ్లకు ఓపెన్ స్కూల్లో మళ్లీ పట్టుకుంది. ఇవాళ పదో తరగతి లెక్కల పరీక్ష. ఇది పోతే ఆరు నెలలు ఆగాలి. అన్నాళ్లు తన ధైర్యం నిలబడుతుందో లేదో ఆమెకే అనుమానం.

అందుకే నాలుగేళ్ల కూతురు సాదియా చేతికి చిక్కకుండా, హాల్ టికెట్టున్న సంచిని ముందురోజు సాయంత్రమే కారు వెనక సీట్లో పెట్టించింది. దొంగల కంట పడకుండా పైన సాదియా గులాబీరంగు దుప్పటి కప్పింది. నరసరావుపేట మొత్తంలో అంతకన్నా భద్రమైన చోటు ఆమెకు కనిపించలేదు. ఆ మాట నిజమేనని ఎనిమిదింటికి తేలింది.

ఆమె భర్త రఫీక్ రిమోట్ నొక్కాడు. కారు పలకలేదు. అది సెకండ్ హ్యాండ్ కారు, కొని పదిహేను రోజులే అయింది. తాళంచెవి అంటూ ఇవ్వలేదు, చేతిలో నల్లటి రిమోట్ బిళ్ల ఒక్కటే. ముందు నుంచి నొక్కాడు, వెనక నుంచి నొక్కాడు, చివరికి డాబా ఎక్కి నొక్కాడు.

"ఏందండీ, తెరుచుకోదా?"

"ఆగవే, సిగ్నల్ అందట్లా."

గుమ్మంలో కూర్చున్న అత్తగారు హజ్రా బీ ఆశ్చర్యపోయింది. "నిన్న బాగానే ఉందిగా! లోపల లైటు కూడా ఎలుగుతా ఉండె."

రఫీక్ డాబా మీదే ఆగిపోయాడు. "లైటు ఎవరేశారమ్మా?"

"నేనే. మీరు సంచి పెట్టేటప్పుడు ఏశా. జుమేరాత్, బేస్తారం సందేళ ఇంట్లో చీకటి ఉండకూడదని చిన్నప్పట్నించీ చెప్తానే ఉన్నా. కొత్తగా ఇంటికొచ్చిన బండిని చీకట్లో ఒదిలేస్తామా?"

"మరి ఆర్పలా?"

"ఆర్పేదానికైతే ఎయ్యడం ఎందుకురా?"

అలా బ్యాటరీ చచ్చిందని తెలిసింది. బ్యాటరీ చూడాలంటే బానెట్ ఎత్తాలి. దాని మీట కారు లోపల ఉంది. లోపలికి పోవాలంటే తలుపు తెరవాలి. తలుపు తెరవాలంటే బ్యాటరీ కావాలి. రఫీక్ మెకానిక్ ఖలందర్‌కు ఫోన్ చేశాడు. గౌసియా వెనక అద్దానికి ముఖం ఆనించి ఏడవడం మొదలుపెట్టింది.

ఎదురింటి కృపామణి టీచరు ఆర్నెల్లుగా గౌసియాకు లెక్కలు చెబుతోంది. శిష్యురాలిని దీవించి పంపుదామని బయటికొచ్చి చూస్తే, తల్లి ఏడుస్తోంది, అద్దం లోపల గులాబీరంగు మూట కదలకుండా ఉంది.

"అయ్యో ప్రభువా! పాప కార్లో ఇరుక్కుంది, రండర్రా!"

వీధి వీధంతా వచ్చింది. బిందెలతో నీళ్లు పోశారు. తడి గోనెపట్టాలు కప్పారు. పక్కింటి ఆనంద్ బాబు పచ్చడి బండ తెచ్చి అద్దం మీదికి ఎత్తాడు. రఫీక్ కారుకు అడ్డం పడ్డాడు.

"కొట్టబాకన్నా! లోపల ఎవురూ లేరు!"

"కన్నబిడ్డ కన్నా అద్దం ఎక్కువైందంట్రా నీకు?" అని ఆనంద్ బాబు గర్జించాడు.

అప్పుడు జనం కాళ్ల మధ్య నుంచి సాదియా ఉప్మా గిన్నెతో బయటికొచ్చింది. "అమ్మా, లోపల ఏ పాపుంది?"

ఆనంద్ బాబు బండను వీపు వెనక దాచుకున్నాడు.

ఎనిమిదీ ఇరవైకి ఖలందర్ వచ్చాడు. రిమోట్ పక్కన ఉన్న చిన్న మీట నొక్కి, అందులోంచి సన్నటి తాళంచెవి లాగాడు. తలుపు పిడి మీది మూత ఊడదీస్తే కింద తాళంకన్నం ఉంది. తలుపు తెరుచుకుంది.

"చెవి మీ చేతిలోనే ఉంది గదా భాయ్!"

రఫీక్ ఆకాశం వైపు చూశాడు. గౌసియా సంచి కోసం దూకింది. హజ్రా బీ ఆమె భుజం పట్టుకుని ఆపింది. "నువ్వు తీయబాక. పరీక్ష కాయితం పెద్దల చేత్తో అందుకోవాలి." వెనక సీట్లోకి ఎక్కి, హాల్ టికెట్టు తీసి, కళ్లు మూసుకుని దువా మొదలుపెట్టింది. దువా చేసేవాళ్లను కదిలించకూడదు. గౌసియా గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది.

ఈలోగా ఖలందర్ బానెట్ ఎత్తి, తను తెచ్చిన బ్యాటరీ నుంచి కారుకు వైర్లు తగిలించాడు. కారు ఒక్కసారిగా అలారం మోగించింది. దువా చెదిరిపోకుండా హజ్రా బీ తలుపు లాగి మూసుకుంది. ఖలందర్ ఇంజన్ స్టార్ట్ చేసి, తాళంచెవిని మళ్లీ రిమోట్‌లో దూర్చి సీటు మీదే వదిలి, వైర్లు తీయడానికి దిగి తలుపు వేశాడు. టక్‌మని నాలుగు తలుపులకూ లాకు పడింది.

"లోపల్నుంచి తలుపు తీయమ్మా!" అని అరిచాడు రఫీక్.

హజ్రా బీ లాగింది. రాలేదు.

"వెనక తలుపులకి చైల్డ్ లాక్ ఎవరేశారు?" అన్నాడు ఖలందర్.

"నేనే," అంది గౌసియా నీరసంగా. "సాదియా దూకుద్దని. అద్దాలు దిగకుండా కూడా ఏశా."

"ముందు సీట్లోకి రా అమ్మా!"

హజ్రా బీ తన మోకాళ్లు చూపించి చెయ్యి తిప్పేసింది.

ఎనిమిదీ నలభై. కృపామణి టీచరు అద్దం మీద దబదబ కొట్టింది. "హజ్రా వదినా! ఆ టికెట్టు అద్దానికి ఆనించు!" గౌసియా ఫోన్లో ఫోటో తీసింది. గౌసియాను ఎక్కించుకున్న టీచరు స్కూటీ జెరాక్స్ షాపు దగ్గర ఒక్క నిమిషం ఆగి, తొమ్మిదికి రెండు నిమిషాల ముందు సెంటరు చేరింది.

గేటు దగ్గర సారు ఆ ప్రింటును అటూ ఇటూ తిప్పాడు. నంబరు స్పష్టంగా ఉంది. గౌసియా ఫోటో కూడా ఉంది. వెనక ముసుగులో ఇంకో పెద్దావిడ ముఖమూ ఉంది.

"ఈమెవరమ్మా?"

"మా అత్తగారండీ."

"ఆమె కూడా రాస్తదా?"

"లేదండీ. ఆమె కార్లోనుంచి బయటికి రాలేకపోయింది."

సారు తన దగ్గరున్న జాబితాతో ఆమె ముఖం పోల్చుకుని, ఇంకేమీ అడక్కుండా లోపలికి పంపాడు.

పన్నెండున్నరకు గౌసియా ఇల్లు చేరేసరికి కారు ఇంకా అక్కడే ఉంది, ఇంజన్ తిరుగుతూనే ఉంది. వెనక సీట్లో హజ్రా బీ, ఆమె ఒళ్లో నిద్రపోతున్న సాదియా.

"ఇంకా తలుపు రాలేదా!" అంది గౌసియా.

"తీగ దూర్చి తీసి మూడు గంటలైంది," అన్నాడు రఫీక్ చెమట తుడుచుకుంటూ. "ఏసీ బాగుందంట. దిగనంటంది."

ఇప్పుడు లాకు తీసేసిన అద్దాన్ని హజ్రా బీ కిందికి దించింది. "ఎట్టా రాశావే?"

"చానా బాగా రాశానత్తమ్మా. పాసవుతా."

"అయితే ఎక్కు. కోటప్పకొండ దాకా తిప్పుకొస్తాడు వీడు."

గౌసియా ఎక్కి కూర్చుంది. కారు ఒక్కసారి ఊగి, దగ్గి, ఆగిపోయింది. ఖలందర్ పరిగెత్తుకొచ్చి చూశాడు. బ్యాటరీ నిండిందని, పెట్రోలు అయిపోయిందని చెప్పాడు.